సముద్రం ఒడ్డున తీరిగ్గా నాలుగు రోజులు: ఏది పెట్టుకోవాలి, ఏది వదిలెయ్యాలి

సముద్రం పక్కన బస దొరికిందంటే చెయ్యడానికి పది పనులు కనబడతాయి. కెరటాల్లో స్నానం, నడక, స్నార్కెల్ (మాస్క్, గొట్టం పెట్టుకుని తేలుతూ నీళ్ల అడుగు చూడటం), కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ), ప్యాడిల్‌బోర్డ్ (నిలబడి తెడ్డు వేసే బల్ల), పడవ షికారు, గవ్వలేరడం, ఇసుక కోటలు, గొడుగు కింద పుస్తకం. అన్నిటికీ జాబితా రాసుకుని బయల్దేరితే ఇంటికొచ్చాక అలసట తీరడానికి ఇంకో సెలవు పెట్టాలి. రోజుకి ఒక తడి పని, ఒక పొడి పని చాలు. ఆ ఒక్కటి ఏదన్నది మీ సరదా కంటే ఎక్కువగా గడియారం తేలుస్తుంది. పొద్దున ఏడింటికి అద్దంలాంటి నీళ్ల మీద హాయిగా సాగిన ప్యాడిల్‌బోర్డ్, మధ్యాహ్నం మూడింటికి అదే చోట మిమ్మల్ని నిమిషానికోసారి నీళ్లలో పడేస్తుంది.

ముందు గంట, తర్వాత పని

గాలి సంగతి మొదట. ఎండెక్కే కొద్దీ నేల నీటికంటే త్వరగా కాగుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది గాలి తోసుకొస్తుంది. అందుకే చాలా తీరాల్లో పొద్దున నీళ్లు నిశ్చలంగా ఉండి, పదీ పదకొండు దాటాక గాలి మొదలై, మధ్యాహ్నానికి ముదిరి, పొద్దుగూకాక సద్దుమణుగుతుంది. నీటి మీద తేలే పనులన్నీ తొమ్మిదిలోపు ముగిసేట్టు చూసుకోండి. నిద్ర లేవలేమనుకుంటే ఆ పనులు మానుకోవడం మేలు, మధ్యాహ్నానికి వాయిదా వెయ్యడం కాదు.

తర్వాత ఆటుపోట్లు. నీరు పైకెక్కడం పోటు, వెనక్కి తగ్గడం పాటు. ఎక్కువ తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున వేళ ఆలస్యమవుతూ పోతుంది. ఇవాళ ఎనిమిదింటికి బయటపడ్డ రాళ్లు రేపు తొమ్మిది కావస్తుండగా బయటపడతాయి. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో నీరు బాగా పైకి వస్తుంది, బాగా లోపలికీ పోతుంది. గవ్వలకీ రాళ్లగుంటలకీ ఆ రోజులు మంచివి. అష్టమి దగ్గర్లో తేడా తక్కువ. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: పాటు నుంచి పోటుకి నీరు ఒకే వేగంతో ఎక్కదు. ఆరు గంటల్లో మొదటి గంట, చివరి గంట మెల్లగా కదులుతుంది. మూడో గంటలోనూ నాలుగో గంటలోనూ కలిపి మొత్తం ఎత్తులో సగం వచ్చేస్తుంది. కొండరాళ్ల మలుపు దాటి నడిచి వెళ్లినవాళ్లు వెనక్కి దారి లేక ఇరుక్కునేది సరిగ్గా ఈ రెండు గంటల్లోనే. ఆ ఊరి పోటు పట్టిక ఫోన్‌లో దొరుకుతుంది, ముందు రాత్రే చూసుకోండి.

ఎండకి పట్టిక అక్కర్లేదు, మీ నీడే కొలబద్ద. నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపూ నీడపట్టున చేసే పనులు పెట్టుకోవాలి. సన్‌స్క్రీన్ పెద్దవాళ్లకి ఒంటికంతా పట్టాలంటే 30 మిల్లీలీటర్లు కావాలి, అంటే ఆరు టీస్పూన్లు. బఠాణీ గింజంత తీసుకుని ఒళ్లంతా రాసుకుంటే డబ్బా మీద రాసిన రక్షణ దక్కదు. ఎస్‌పీఎఫ్ అంటే డబ్బా మీద ఉండే ఆ రక్షణ అంకె. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని కాల్చే కిరణాల్లో 97 శాతం దాకా ఆపితే 50 ఆపేది 98 శాతం. పెద్ద అంకె కోసం వెతికేకంటే రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చి తుడుచుకున్న ప్రతిసారీ మళ్లీ రాసుకోవడం ముఖ్యం. చెవుల అంచులు, పాదాల పైభాగం, మోకాళ్ల వెనక మర్చిపోతారు, రాత్రికి మండేవి అవే. నీళ్లలో ఉంటే ఎండ తగలదన్న ధీమా వద్దు. అర మీటరు లోతులో కూడా పైనున్న అతినీలలోహిత కిరణాల్లో 40 శాతం దాకా ఉంటాయి. మోచేతులు దాటే ఈత చొక్కా ఒకటి ఉంటే ఈ గొడవ సగం తీరిపోతుంది. సన్‌స్క్రీన్ కొనేటప్పుడు వెళ్లే చోటి నిబంధన కూడా చూసుకోండి. పగడపు దిబ్బలకి హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు కలిసిన రకాల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి 2021లో నిషేధించింది.

స్నార్కెల్, కయాక్, ప్యాడిల్‌బోర్డ్: ఒక్కటే ఎంచుకోవాలంటే

నీళ్లు తేటగా ఉంటే స్నార్కెల్. నీళ్లు మసకగా ఉండి గాలి లేకపోతే కయాక్. రెండు మూడు పొద్దులు వరసగా చేతిలో ఉంటేనే ప్యాడిల్‌బోర్డ్. క్లుప్తంగా మా తీర్పు ఇదే, కారణాలు కింద ఉన్నాయి.

తేట ఎంతో తెలుసుకోవడం తేలిక. నడుం లోతు నీళ్లలో నిలబడి కిందికి చూడండి. కాలి గోళ్లు కనబడకపోతే ఆ రోజుకి స్నార్కెల్ మానేయండి. పెద్ద గాలి వీచినా, దగ్గర్లో ఏరు కలిసే చోట వాన పడినా నీళ్లు తేరుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. డబ్బు కట్టేశాం కదా అని మురికి నీళ్లలో మొహం పెడితే కనబడేది ఆకుపచ్చ పొగమంచు.

స్నార్కెల్ సరదా అంతా మాస్క్ మీదే నిలుస్తుంది. పట్టీ తగిలించకుండా మాస్క్‌ని మొహానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చి, చెయ్యి వదిలెయ్యండి. కింద పడకుండా అతుక్కుని ఉంటే మీ మొహానికి సరిపోయినట్టే. జారిందంటే ఎంత ఖరీదైనదైనా మీకు పనికిరాదు. అద్దెకిచ్చే చోట మూడు నాలుగు పెట్టి చూడటానికి మొహమాటపడకండి. నీరు కారుతుంటే అందరూ పట్టీ బిగిస్తారు, దాంతో అంచు వంకరపోయి ఇంకా కారుతుంది. అసలు కారణం సాధారణంగా అంచు కింద ఇరుక్కున్న నాలుగు వెంట్రుకలు, లేదా మీసం. వెంట్రుకలు వెనక్కి లాక్కుని, మీసం ఉన్నవాళ్లు ముక్కు కింద కొంచెం వాజెలిన్ పూసుకుంటే చాలావరకు ఆగుతుంది.

రెండో తలనొప్పి అద్దానికి ఆవిరి పట్టడం. కొత్త మాస్క్ అద్దానికి తయారీలో అంటిన సన్నటి సిలికాన్ పొర ఉంటుంది. దాన్ని తియ్యకుండా ఏం చేసినా లాభం లేదు. జెల్ కాని తెల్ల టూత్‌పేస్ట్‌తో లోపలి అద్దాన్ని వేలితో రుద్ది కడగండి, అలా రెండు మూడుసార్లు. తర్వాత దిగే ప్రతిసారీ పొడి అద్దానికి ఉమ్మి గాని, నీళ్లు కలిపిన పిల్లల షాంపూ ఒక చుక్క గాని రాసి, ఒక్కసారి ముంచి వెంటనే పెట్టుకోవాలి. మధ్యలో దాన్ని నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుంటే నుదుటి వేడికి మళ్లీ ఆవిరి పడుతుంది, చిన్న అల తగిలినా కొట్టుకుపోతుంది. మెడలోకి దించుకోండి.

గొట్టం 40 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. ఇంకా పొడుగుంటే ఇంకా లోతు చూడొచ్చు కదా అనిపిస్తుంది గాని, వదిలిన గాలి గొట్టంలోనే మిగిలి మళ్లీ అదే లోపలికి వస్తుంది, పైగా లోతుకి పోయే కొద్దీ నీటి ఒత్తిడికి రొమ్ము విప్పారదు. ముఖమంతా కప్పే మాస్కులు మొదటిసారి సుఖంగా తోస్తాయి. కానీ వదిలిన గాలి లోపల మిగిలిపోయే అవకాశం వాటిలో ఎక్కువ, కంగారులో చప్పున ఊడదీయడమూ కష్టం. మామూలు మాస్కే మంచిది. గొట్టంలోకి నీళ్లు వస్తే తల ఎత్తకుండా ‘టూ’ అని గట్టిగా ఒక్క ఊపు ఊదండి. మాస్క్‌లోకి వస్తే పై అంచు నొక్కి పట్టి, మొహం కాస్త పైకెత్తి, ముక్కుతో గాలి వదలండి. ఈ రెండూ నడుం లోతులో ఐదేసి సార్లు చేశాకే ముందుకు కదలాలి. మునిగేవాడు కేకలు పెడతాడని అనుకుంటాం. స్నార్కెల్ వేసుకున్నవాళ్లు మొహం నీళ్లలోనే పెట్టి ఉంటారు కాబట్టి పైనుంచి చూసేవాళ్లకి తేడా తెలియదు. తోడు లేకుండా వద్దు. ఫిన్స్ (పాదాలకి తొడిగే ఈత రెక్కలు) వేసుకుంటే నీళ్లలోకి వెనక్కి వెనక్కి నడవండి. పగడాల మీద నిలబడకండి, తాకకండి. అవి ప్రాణమున్నవి, మీ కాలూ కోసుకుపోతుంది.

కయాక్‌కి ఇంత తతంగం లేదు. పైన కూర్చునే రకం అడగండి. అది తిరగబడ్డా లోపల ఇరుక్కుపోరు, పట్టుకుని మళ్లీ ఎక్కొచ్చు. కూర్చునేది నీటికి దగ్గరగా కాబట్టి గాలి ప్రభావం తక్కువ, పిల్లని ముందు కూర్చోబెట్టుకోవచ్చు. ఇబ్బందల్లా నడుముది. పాదాలు ఆనించే గాడులు మోకాళ్లు కొంచెం వంగేట్టు సరిచేసుకుని, చేతులతో కాకుండా మొండెం తిప్పుతూ తెడ్డు వేస్తే గంటసేపు నొప్పి రాదు. లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకోవడానికి కాదు, ఎక్కకముందే తొడుక్కుని పట్టీలు బిగించాలి.

ప్యాడిల్‌బోర్డ్ ఫొటోలో ఉన్నంత సులువు కాదు, అలాగని భయపడేంతదీ కాదు. గాలి నింపే రకమైతే 12 నుంచి 15 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కావాలి. పంపు సగంలో బరువెక్కగానే చాలామంది ఆపేస్తారు, నిలబడగానే బోర్డు నడుం దగ్గర అరటిపండులా వంగుతుంది. ఎండలో ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు ఊడొచ్చు, కొంచెం గాలి తీసి నీడకి లాగండి. తెడ్డు మీకంటే 15 నుంచి 25 సెంటీమీటర్లు పొడుగుండాలి. దాని రెక్క ఒంపు ముందుకు వాలి ఉండాలి, గరిటెలా తన వైపు తిప్పి పట్టుకోవడం కొత్తవాళ్లందరూ చేసే తప్పు. మధ్యలో ఉన్న చేతిపిడికి అటూ ఇటూ మోకాళ్లు ఆనించి పది తెడ్లు వెయ్యండి, తర్వాత ఒక్కో పాదం మోకాలున్న చోటికే తెచ్చి లేవండి. చూపు దూరంగా, మోకాళ్లు సడలించి. కాళ్ల వైపు చూశారంటే పడతారు. పడేటప్పుడు బోర్డుకి దూరంగా పక్కకి, వెల్లకిలా పడాలి. లోతు తెలియని చోట తల ముందుగా పడొద్దు. కాలికి తాడు కట్టుకోవడం తప్పనిసరి, బోర్డు మీకంటే వేగంగా గాలికి పోతుంది.

ఈ మూడింటికీ వర్తించే హెచ్చరిక ఒక్కటే: నేల వైపు నుంచి సముద్రంలోకి గాలి వీస్తున్న రోజు. ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా ఊరిస్తుంటాయి, వంద మీటర్లు పోయాక తిరిగి రావడానికి బలం చాలదు. జెండా గుడ్డ సముద్రం వైపు ఎగురుతుంటే దిగకండి. మామూలు రోజున కూడా ముందు గాలికి ఎదురు వెళ్లి, అలిసిపోయాక గాలి వాలున రండి. గాలి నింపిన హంసలూ ఉంగరాలూ ఈతకొలనుకే. సముద్రంలో వాటిని వెంబడించి ఈదబోవడం చాలా ప్రమాదాలకి మొదలు.

కెరటాల్లో స్నానం

దీనికి సామాను అక్కర్లేదు, నేర్చుకునేదీ పెద్దగా లేదు, అందరికీ నచ్చుతుంది. ప్రమాదం మాత్రం పైవాటన్నిటికంటే దీనిలోనే ఎక్కువ. ఎరుపు పసుపు సగం సగం ఉన్న రెండు జెండాల మధ్య లైఫ్‌గార్డ్ కాపలా ఉంటుంది, అక్కడే దిగండి. ఉత్త ఎర్రజెండా అంటే ప్రమాదం, చాలా చోట్ల రెండు ఎర్రజెండాలు ఉంటే దిగడం నిషేధం, ఊదా జెండా అంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని.

కాపలా లేని చోట ఐదు నిమిషాలు ఒడ్డునే నిలబడి చూడండి. అటూ ఇటూ తెల్లగా కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం ముదురు రంగులో, నురగ లేకుండా, ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఈ చోటు బాగుందని అక్కడే దిగుతారు. ఒడ్డుకి వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే కాలువ అదే, రిప్ కరెంట్ అంటారు. వేగం ముదిరితే సెకనుకి 2 మీటర్లు దాటుతుంది, ఆరితేరిన ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. అది కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుంది. కాబట్టి ఒడ్డు వైపు పోరాడకుండా వెల్లకిలా తేలండి, ఊపిరి కుదురుకోనివ్వండి, ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా ఈది నురగ ఉన్న చోటికి చేరి అక్కడినుంచి బయటికి రండి. లేదా చెయ్యి ఎత్తి పిలవండి. పట్టుబడ్డవాళ్ల కోసం ఉత్త చేతులతో దూకకండి, తేలే వస్తువేదైనా విసరండి.

సముద్రానికి వీపు పెట్టి ఫొటో దిగడం, ఒడ్డుకి దగ్గర్లోనే నిటారుగా విరిగిపడే కెరటంలో ఆడటం, ఈ రెండూ వద్దు. అలాంటి కెరటం మనిషిని నేరుగా గట్టి ఇసుక మీదికి విసురుతుంది, మెడకి దెబ్బలు తగిలేది అలానే. జెల్లీఫిష్ కుడితే సముద్రపు నీళ్లతోనే కడగండి. మంచినీళ్లు పోసినా ఇసుకతో రుద్దినా చర్మం మీద మిగిలిన విషపు గుళికలు పేలతాయి. తర్వాత ఏం చెయ్యాలన్నది రకాన్ని బట్టి మారుతుంది, అక్కడి లైఫ్‌గార్డ్‌ని అడగాలి. ఒడ్డున పడి చచ్చినట్టున్నదీ కుడుతుంది.

నడక, గవ్వలు, ఇసుక

పొడి పనుల్లో మా మొదటి ఓటు నడకకే. అయితే పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకంటే రెట్టింపు పైన శక్తి ఖర్చవుతుంది. మొదటి రోజే చెప్పుల్లేకుండా ఐదు కిలోమీటర్లు నడిస్తే రెండో రోజు పిక్కలు పట్టేస్తాయి. కెరటం తడిపి వెనక్కి పోయిన గట్టి ఇసుక మీద అరగంటతో మొదలుపెట్టండి. అక్కడ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వెళ్లినంత దూరం అదే గట్టున తిరిగి వస్తే రెండు కాళ్లకీ సరిసమానం.

గవ్వలకి తెల్లవారుజామున, పాటు ముగియడానికి గంట ముందు బయల్దేరాలి. పోటు వదిలిన నాచు గీత వెంట కర్రతో కదుపుతూ పోండి. పెద్ద గాలివాన మర్నాడు ఎక్కువ దొరుకుతాయి. లోపల ఎవరూ కాపురం లేరని చూసుకున్నాకే తీసుకోండి, ఖాళీ శంఖంలో సన్యాసి పీత ఉండొచ్చు. కోను ఆకారంలో ఉన్న అందమైన నత్తగుల్లల్ని వెచ్చటి సముద్రాల్లో అసలు ముట్టుకోకండి, వాటిలో కొన్ని చంపగలిగేంత విషంతో కుడతాయి. కొన్ని తీరాల్లో గవ్వ పట్టుకెళ్లడమే నేరం, అడిగి తెలుసుకోండి.

ఇసుక కోట కూలిపోతుందంటే తప్పు సాధారణంగా నీళ్ల పాలుది. ఎనిమిది బకెట్ల పొడి ఇసుకకి ఒక బకెట్ నీళ్లు మంచి లెక్క. రేణువుల మధ్య సన్నటి నీటి పొర వాటిని పట్టి ఉంచుతుంది. ఆ సందులన్నీ నీటితో నిండిపోతే పట్టు పోయి జావలా జారుతుంది. అడుగు తీసేసిన బకెట్‌లో పొరలు పొరలుగా వేసి కాలితో తొక్కి, గొట్టంలా పైకి లాగేస్తే గట్టి దిమ్మె వస్తుంది. చెక్కడం పైనుంచి కిందికి. పోటు గీతకి రెండడుగులు పైన మొదలుపెట్టండి. పిల్లలు గొయ్యి తవ్వుతుంటే అందరిలోకి చిన్నదాని మోకాలి లోతు దగ్గర ఆపించండి. ఇసుక గోడలు చప్పుడు లేకుండా కూలతాయి, లోపలున్నవాళ్లు తమంతట తాము బయటికి రాలేరు. వెళ్లేముందు పూడ్చండి.

ఏమీ చెయ్యకపోవడం

దీన్ని తేలిగ్గా తీసుకుంటారు గాని, నీడ సరిగ్గా కుదరకపోతే పదిహేను నిమిషాల్లో లేచిపోతారు. గొడుగు కర్రని పొడి ఇసుకలో గుచ్చితే మొదటి గాలికే లేస్తుంది, ఆ మొన ఎగిరి ఎవరికో గుచ్చుకుంటే ప్రాణాపాయం. పై పొర పక్కకి లాగేసి తడి ఇసుక కనబడ్డాక, కర్రని ముందుకీ వెనక్కీ ఊపుతూ 45 నుంచి 60 సెంటీమీటర్లు దించండి. చుట్టూ ఇసుక పోసి తొక్కండి. గొడుగు తల గాలి వచ్చే వైపు వాలాలి, అప్పుడు గాలి దాన్ని కిందికి నొక్కుతుంది. గాలి పోయే వైపు వాలితే గాలి అడుగున దూరి ఎత్తేస్తుంది. మనం లేచి వెళ్తే మూసి వెళ్లాలి. గొడుగు కింద ఉన్నా ఇసుక నుంచి, ఆకాశం నుంచి ఎండ చెదిరి వస్తూనే ఉంటుంది కాబట్టి సన్‌స్క్రీన్ మానకూడదు.

చదవడానికి ఎండలో ఫోన్ పనికిరాదు, వేడెక్కి ఆగిపోతుంది. పోలరైజ్డ్ (నీటి మెరుపుని తగ్గించే) కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని తెరలు ఒక కోణంలో నల్లగా మారతాయి కూడా. పాడైందనుకుని కంగారుపడక, అడ్డంగా తిప్పి చూడండి. కాగితం పుస్తకమో, ఈ-ఇంక్ రీడరో (కాగితంలాంటి తెర ఉన్న పుస్తక పరికరం) మేలు.

పడవ షికారు

అరగంట నుంచి గంటలోపు అయితే సరే. పూటంతా పట్టే షికార్లు తీరిక సెలవులో మాకు అంత నచ్చవు, మధ్యలో దిగిపోయే వీలుండదు. కడుపు తిప్పే తత్వం ఉంటే పడవ మధ్యలో, కింది అంతస్తులో కూర్చుని నీరు ఆకాశం కలిసే గీత వైపు చూడండి. మాత్ర వేసుకునేదుంటే ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే నిలవదు. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు.

ఎవరికి ఏది

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి పోటు నిలకడగా ఉన్నప్పుడు మోకాలి లోతు నీళ్లలో నడక, సాయంత్రం కుర్చీ. ఐదేళ్లలోపు పిల్లలకి రాళ్లగుంటలు, ఇసుక. కెరటాల్లోకి దిగితే చెయ్యి పట్టుకునే ఉండాలి, కళ్లతో కాపలా కాస్తే సరిపోదు. ఈత రానివాళ్లకి లైఫ్ జాకెట్‌తో కయాక్. ఈత వచ్చి, ఒక్క పూటే ఉంటే స్నార్కెల్. జంటగా వచ్చి మాట్లాడుకోవాలనుకుంటే నడక, ఇద్దరు కూర్చునే కయాక్ మాత్రం వద్దు. తెడ్లు ఒకదానికొకటి తగిలి పోట్లాట తేలిగ్గా మొదలవుతుంది.

సాయంత్రానికి తొందరపడి లేవకండి. చెయ్యి చాచి నాలుగు వేళ్లు అడ్డంగా పెడితే, సూర్యుడికీ సముద్రపు గీతకీ మధ్య ఒక్కో వేలు దాదాపు పావుగంట. పశ్చిమాన నీళ్లుంటేనే అది మునగడం కనబడుతుంది, తూర్పు తీరమైతే తెల్లవారుజామున లేచి అది పైకి రావడం చూడండి. మంచి రంగులు సూర్యుడు దిగిపోయిన పదీ ఇరవై నిమిషాలకి వస్తాయి, అప్పటికే సగం మంది వెళ్లిపోయి ఉంటారు.

చివరి రోజుకి తడి పని పెట్టుకోకండి. మాస్కులూ ఈత చొక్కాలూ ముందు సాయంత్రమే మంచినీళ్లలో జాడించి నీడన ఆరేస్తే సంచిలో వాసన రాదు, ఉప్పు గట్టిపడి జిప్పులు పట్టెయ్యవు. స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుక్కి మునగడం) చేసి ఉంటే చివరి మునకకీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, టికెట్ తీసుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోండి.